అపరాధ పరిశోధక నవల – సమీక్షకుని ధర్మము

హంతకుడు పట్టుబడుటతో పాఠకుని పని ముగియును. రచయితకు అసలు పని అప్పుడే ఆరంభమగును. వ్రాసినది అచ్చు కావలెను. అచ్చయినది అంగడికి చేరవలెను. అంగడికి చేరినది పాఠకుని చేతికి అందవలెను. కవికి సభలున్నవి. పండితునికి పీఠములున్నవి. కథకునికి సంకలనములున్నవి. అపరాధ పరిశోధక నవలాకారునకు మాత్రము ఇవి యేవియు లేక, తన గ్రంథమును గూర్చి తానే చాటుకొనవలసిన స్థితి తెలుగునాట చిరకాలము నడచినది. ఇందువలన నష్టపడినవాడు రచయిత యొక్కడే కాడు, సాహిత్యచరిత్రయు నష్టపడినది. ఈ నష్టమున పెద్దపాలు, మంచిచెడులు తూచి చెప్పవలసియుండియు మౌనము వహించిన సమీక్షకులది.

అపరాధమును కథావస్తువుగా గ్రహించుట హీనమని మన పూర్వులు తలపలేదు. శూద్రకుని మృచ్ఛకటికమున తొమ్మిదవ అంకము న్యాయస్థానమున నడచును. వసంతసేనను చంపెనను నిందపై చారుదత్తుడు న్యాయాధికారి యెదుట నిలువవలసివచ్చును. ఆమె ఆభరణములే అతనికి ప్రతికూలమైన సాక్ష్యములగును. ఆమెను చంపయత్నించిన శకారుడే అభియోగము తెచ్చినవాడు. విశాఖదత్తుని ముద్రారాక్షసమున ఒక ఉంగరము చాణక్యుని చేతబడుటతో రాక్షసమంత్రి చుట్టును వల బిగియనారంభించును. గూఢచారులు, కూటలేఖలు, మారువేషములు మున్నగు నేటి నవలలోని సామగ్రి యంతయు అందున్నది. ఈ నాటకములను పాఠ్యగ్రంథములుగా చదివి, శిష్యులచే చదివించిన పండితులే, అదే సామగ్రితో వెలసిన తెలుగు నవలను చేతబట్టుట తమ గౌరవమునకు లోపమని భావించిరి.

తెలుగున ఈ ప్రక్రియ నిన్నమొన్న పుట్టినది కాదు. దేవరాజు వేంకటకృష్ణారావు వ్రాసిన ‘వాడే వీడు’ ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దముల నాటిది. వంగభాష నుండియు, ఆంగ్లము నుండియు అనువాదములు, అనుసరణములు అనేకము వచ్చెను. 1950ల చివరి నుండి ఈ రంగమున కొమ్మూరి సాంబశివరావు పేరు మారుమ్రోగినది. 1926లో జన్మించి 1994లో గతించిన ఆయన డెబ్బదికి పైగా నవలలు వ్రాసెను. డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు ఒక తరము పాఠకులకు ఇరుగుపొరుగువారివలె పరిచితులైరి. సమగ్రాంధ్ర సాహిత్యమును వ్రాసిన ఆరుద్ర సైతము ‘పలకల వెండిగ్లాసు’ అను పరిశోధక నవలను వ్రాసెను. పదునాలుగు దోషములు వెదకి ఈ ప్రక్రియను త్రోసిపుచ్చువారు, ఆ చేతి కలమే ఈ పనికి నియోగింపబడినదని మరువరాదు.

ఈ రచయితల జీవనవిధానమును గమనించినచో వారి శ్రమ తెలియును. ముఖపత్రముపై కత్తియో తుపాకియో లేనిదే పుస్తకము కంటబడదు. చివరి పుటలో రాబోవు నవల పేరు ప్రకటింపనిదే పాఠకుడు జ్ఞాపకముంచుకొనడు. వారపత్రికలో ధారావాహికయైనచో ప్రతి వారము చివర ఒక చిక్కుముడి వేయక తప్పదు. రైల్వేస్టేషనులోని బుక్‌స్టాలు, బస్టాండులోని కొట్టు, వీధి మలుపులోని అద్దె గ్రంథాలయము – ఇవియే ఆయన సభామంటపములు. ఇందు అద్దె గ్రంథాలయము సంగతి విచిత్రము. ఒక ప్రతి అట్టలు చినుగువరకు ఎందరి చేతులో మారును. అద్దె మాత్రము కొట్టుయజమానికే చెందును. రచయితకు ముట్టునది అమ్ముడైన ఆ యొక్క ప్రతిపై వచ్చినది మాత్రమే. కీర్తి వేలమందిలో వ్యాపించినను ఆదాయము ఆ మేరకు పెరుగదు. కావున ఒక నవల ముగిసిన వెంటనే మరియొకదానికి పూనుకొనవలెను. తీరికగా తిరుగవ్రాయుటకు వ్యవధి చిక్కదు.

ఇట్టి తరుణముననే సమీక్ష అవసరము. ప్రకటన అమ్మకమును కోరును. సమీక్ష నిజమును కోరును. రెండును వేరు పనులు. నిజము చెప్పువాడు లేనిచోట ప్రకటన యొక్కటే మిగులును. అపుడు నెలలతరబడి శ్రమించి అల్లిన నవలయు, పది దినములలో ఎత్తివ్రాసిన నవలయు ఒకే కొట్టులో ఒకే అద్దెకు నిలుచును. బాగుగా వ్రాసినందువలన గౌరవము హెచ్చదు, చెడుగా వ్రాసినందువలన తగ్గదు. ఇక శ్రమపడుమని రచయితను ఏ మొగముతో అడుగగలము?

ఇతర దేశములలో ఈ పని ఎట్లు జరిగినదో చూడవలెను. ఆంగ్లనవలాకర్త్రి డోరతీ సేయర్స్ 1922 నుండి 1931 వరకు లండనులోని ఒక ప్రకటనల సంస్థలో ఉద్యోగము చేసెను. ఆవపిండి మొదలు అనేక సరకులకు ప్రకటనలు వ్రాసెను. ఆ అనుభవమునే వస్తువుగా చేసికొని 1933లో ఒక నవల వెలువరించెను. అదే సంవత్సరము నుండి 1935 వరకు ‘సండే టైమ్స్’ పత్రికలో పరిశోధక నవలలను సమీక్షించెను. ప్రకటన ఎట్లుండునో ఎరిగినది గనుకనే సమీక్ష ఎట్లుండరాదో ఆమెకు తెలిసినది. అమెరికాలో ఆంథొని బౌచర్ తానును అట్టి నవలలు వ్రాసినవాడే. 1951 నుండి 1968లో మరణించువరకు ‘న్యూయార్క్ టైమ్స్’ పత్రికలో ఈ నవలలకే ప్రత్యేకమైన శీర్షికను నిర్వహించెను. అంతదూరము పోనేల? వంగదేశమున శరదిందు బందోపాధ్యాయుని వ్యోమకేశ బక్షి 1932లో అవతరించెను. ఆ కథలలో నొకదానిని సత్యజిత్ రాయ్ 1967లో చలనచిత్రముగా తీసెను. రాయ్ స్వయముగా 1965లో ‘సందేశ్’ అను బాలల పత్రికలో ఫెలూదాను సృష్టించెను. వంగీయులు ఈ రచనలను తమ సాహిత్యమున భాగముగానే ఆదరించుచున్నారు.

ఇచట రెండు ఆక్షేపణలు రావచ్చును. నవలాకారుడే సమీక్షకుడైనచో మిత్రులను పొగడి, శత్రువులను తెగడునని మొదటిది. ఈ భయము నిరాధారము కాదు. పరస్పరస్తోత్రము ఏ భాషకును క్రొత్తది కాదు. కాని కవులు కవులను సమీక్షించునపుడు లేని అభ్యంతరము ఇచట మాత్రమేల? తన ప్రచురణకర్త గ్రంథములను, తన సన్నిహితుల గ్రంథములను ఇతరులకు విడిచిపెట్టుట అను చిన్న నియమముతో ఈ దోషము చాలవరకు తొలగును. ఈ నవలలలో అనేకము ఆంగ్లము నుండి పేరు చెప్పక గ్రహించినవనియు, కొన్ని నీచాభిరుచికి లోబడినవనియు రెండవది. అదియు నిజమే. అయినను దొంగసొత్తును గుర్తించి చెప్పవలసినవాడు సమీక్షకుడే గదా! అతడు మౌనము వహించుటచే దొంగకును దొరకును భేదము లేకపోయినది.

పరిశోధక నవలను సమీక్షించుట సులభమైన పని కాదు. హంతకుడెవరో చెప్పినచో పాఠకుని ఆనందము నశించును. చెప్పనిచో సమీక్ష శూన్యమగునేమో యని శంక. అయినను చెప్పదగినవి చాలగలవు. ఆధారములన్నియు పాఠకుని ముందుంచినాడా, లేక చివరి పుటవరకు దాచినాడా? ఈ న్యాయమును పాటింపవలెనని 1930లో లండనులో ఏర్పడిన డిటెక్షన్ క్లబ్బు సభ్యులు ప్రమాణము చేసెడివారు. నేరమునకు చూపిన కారణము ఆ పాత్ర స్వభావమునకు తగియున్నదా? పల్లెటూరి మునసబు పల్లెటూరివానివలె మాటలాడుచున్నాడా? క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యము కన్న ఇందుకు వేరు కొలబద్ద అక్కరలేదు. భయానకాద్భుతములు రసములని చదివిన సమీక్షకునకు పారిభాషిక పదములకును కొరత లేదు.

ఈ మౌనమునకు కాలము మూల్యము వసూలు చేసినది. సికింద్రాబాదు శివారున, కాప్రాను ఆనుకొని, 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలసెను. తరువాతి రెండు దశాబ్దములలో అచట తయారైన ‘ఇ.సి.’ టెలివిజన్లు దేశమంతటను ఇండ్లలో ప్రవేశించెను. సాయంకాలములు దూరదర్శనము వశమైన కొలది అద్దె గ్రంథాలయములు ఒక్కొక్కటిగా మూతపడెను. అందలి చినిగిన ప్రతులు తూకమునకు పోయెను. పుస్తకము పోయినను సమీక్ష పాతపత్రికలో నిలిచియున్నచో దాని పేరు, ప్రచురణకాలము, గుణదోషములు తెలిసెడివి. నేడు ఈ నవలలపై పరిశోధన చేయబూనిన విద్యార్థికి ఏ గ్రంథము ఏ సంవత్సరమున వచ్చినదో తేల్చుటయే మొదటి చిక్కు. అపరాధ పరిశోధనను గూర్చి వ్రాసినవారి జాడయే పరిశోధింపవలసివచ్చినది.

ఉపాధ్యాయులు ఇందు చేయగల పని యున్నది. బాలుడు బరువైన ప్రబంధమును ఆరంభించి విడిచిపెట్టవచ్చును. చిక్కుముడి గల కథను మాత్రము ముగింపక నిదురపోడు. చదువు అలవాటు అట్లు అంకురించును. కాప్రాలోగాని, ఏ పల్లెలోగాని, తొమ్మిదవ తరగతి విద్యార్థికి ఒక పరిశోధక నవలనిచ్చి, నేరస్థుని పేరు బయటపెట్టక రెండు పుటల సమీక్ష వ్రాయుమనవలెను. దాచవలసినది దాచి, చెప్పవలసినది చెప్పుటకు ఎంత నేర్పు కావలెనో అపుడతనికి తెలియును. ఇంట మిగిలియున్న పాత నవలను తెచ్చినవానిచే దాని పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరము పాఠశాల పుస్తకములో వ్రాయింపవలెను. ఆదివారపు సాహిత్యపుటలును నెలకొక్కమారైనను ఈ నవలలకు చోటు విడువవలెను. పొగడ్త అక్కరలేదు. చదివి, ఉన్నదున్నట్లు చెప్పినచో ఆ రచయితలకు అదియే చాలును.