ర్యామ్ కొంటే లాగ్ చదవడం రాదు

"ఫైలు 40 జీబీ ఉంది. ఎవరి లాప్‌టాప్‌లోనూ ఓపెన్ అవట్లేదు. 64 జీబీ ర్యామ్ ఉన్న మెషిన్ తెప్పిస్తే తప్ప ఏం జరిగిందో చెప్పలేం." ఈ మధ్య ఒక కాన్ఫరెన్స్ కాల్‌లో చెవిన పడ్డ మాట ఇది. అన్నది నిన్నగాక మొన్న చేరిన కుర్రాడైతే ఊరుకుందును. జుట్టు నెరిసిన ఆర్కిటెక్టుగారు అన్నారు. కాల్‌లో ఉన్నవాళ్లంతా "కరెక్ట్ సార్" అని వంత పాడారు. అవతల పేమెంట్లు ఆగిపోయి కస్టమర్లు శాపనార్థాలు పెడుతుంటే, ఇవతల హార్డ్‌వేర్‌కి ఇండెంట్ ఎవరి పేరు మీద పెట్టాలన్న చర్చ మొదలైంది.

ఆయనొక్కడి అభిప్రాయమైతే దానికో వ్యాసం దండగ. పెద్ద ఫైలు చదవాలంటే పెద్ద మెషిన్ కావాలన్నది హైటెక్ సిటీ నుంచి డల్లాస్ దాకా మనవాళ్లలో పాతుకుపోయిన నమ్మకం. ఫైలు తెరుచుకోకపోతే ర్యామ్ చాల్లేదంటారు. ర్యామ్ వేశాక కూడా తెరుచుకోకపోతే ఫలానా ఎడిటర్ కొనాలంటారు. అదీ లొంగకపోతే ఏఐకి పడేద్దాం అంటారు. ఆ సర్వర్‌లోనే, పైసా ఖర్చు లేకుండా, నలభయ్యేళ్లుగా పడి ఉన్న పనిముట్లు మాత్రం ఎవరికీ గుర్తు రావు.

ఎడిటర్ పుట్టింది దిద్దడానికి. ఎక్కడ కర్సర్ పెట్టినా అక్షరం మార్చగలగాలి, మార్చింది వెనక్కి తీసుకోగలగాలి, లైన్ల లెక్క ఉండాలి, రంగులద్దాలి. అందుకని మామూలుగా ఫైలంతా మెమరీలోకి లాక్కుంటుంది. విండోస్ 95, 98 కాలపు నోట్‌ప్యాడ్ 64 కేబీకే చేతులెత్తేసి వర్డ్‌ప్యాడ్ దగ్గరికి పొమ్మనేది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ చాలా ఏళ్లు 2 జీబీ దగ్గర మొరాయించింది. వీఎస్ కోడ్ పెద్ద ఫైలు చూడగానే రంగులూ మడతలూ ఆపేశానని నోటీసు పెడుతుంది. వాటిని తిట్టి లాభం లేదు, అవి చెయ్యాల్సిన పనే అవి చేస్తున్నాయి. లాగ్‌ని ఎవరు దిద్దుతారు? దిద్దితే అది లాగ్ కాదు, పోలీసు కేసు.

పోనీ, అడిగినంత ర్యామ్ ఇచ్చాం, ఫైలు తెరుచుకుంది. ఏం చేస్తారు? లైనుకి 200 బైట్లు అనుకుంటే 40 జీబీలో 20 కోట్ల లైన్లు. సెకనుకో లైను చొప్పున తిండీ నిద్రా మానేసి చదివినా ఆరేళ్లు దాటుతుంది. ఎవరూ చదవరు. కంట్రోల్ ఎఫ్ కొట్టి "ఎర్రర్" అని వెతుకుతారు. ఆ కంట్రోల్ ఎఫ్ కోసమా 64 జీబీ ర్యామ్?

దిద్దకుండా చూడటానికే పనికొచ్చే 'లెస్' అనే ప్రోగ్రాంని మార్క్ నూడెల్‌మన్ అనే ప్రోగ్రామర్ 1980ల మొదట్లో రాశాడు. దానికి 40 జీబీ ఫైలిచ్చినా మొదటి స్క్రీన్ క్షణంలో చూపిస్తుంది. ఫైలంతా చదివాక మొదలుపెట్టాలన్న నియమం దానికి లేదు, చూపించే ముక్కే చదువుతుంది. చివరికి పోవాలంటే క్యాపిటల్ జీ కొట్టండి. కొట్టాక "లైన్ నంబర్లు లెక్కపెడుతున్నా" అని కూర్చుంటే, ముందే మైనస్ ఎన్ పెట్టి తెరవలేదన్నమాట. దాని మాన్యువల్ పేజీలోనే ఉంది, చాలా పెద్ద ఫైళ్లకి లైన్ నంబర్ల వల్ల ఆలస్యమవుతుందని. ఆ పేజీ చదివే ఓపిక లేనివాళ్లే "లెస్ కూడా హ్యాంగ్ అయింది సార్" అని పుకారు పుట్టిస్తారు.

(ఒక మినహాయింపు ఉంది. జేసన్ మొత్తాన్ని ఒక్క లైనులో కక్కే మహానుభావులు కొందరుంటారు. ఎక్కడా లైను తెగని రెండు జీబీల ముద్ద ముందు లెస్ కూడా ఆయాసపడుతుంది. వాళ్లకి వేయాల్సిన శిక్ష గురించి నా దగ్గర ఆలోచనలున్నాయి గానీ అచ్చుకి పనికిరావు.)

అసలు ఎడిటర్‌లో ఫైలు పట్టని ఈ సమస్య కొత్తదా? బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన బ్రయాన్ కెర్నిగన్ చెప్పే కథ ఒకటుంది. 1970ల మొదట్లో అక్కడే ఉన్న లీ మెక్‌మెహన్‌కి ఫెడరలిస్ట్ పేపర్స్ మీద పరిశోధన చెయ్యాలని సరదా పుట్టింది. 1787-88లో అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ హామిల్టన్, మాడిసన్, జే మారుపేరుతో రాసిన 85 వ్యాసాలవి. ఏది ఎవరు రాశారో పదాల వాడుకను బట్టి తేల్చాలని ఆయన ప్రయత్నం. అంతా కలిపితే ఒక ఎంబీ పైచిలుకు. అప్పటి పీడీపీ-11 కంప్యూటర్ మీద ఎడిటర్‌కి అది మింగుడు పడలేదు. ఆర్కిటెక్టుగారి నలభై జీబీ కష్టమే, కాకపోతే అంకె చిన్నది. అప్పుడు వాళ్ల సహోద్యోగి కెన్ థాంప్సన్ పెద్ద మెషిన్‌కి ఇండెంట్ పెట్టలేదు. ఎడిటర్‌లో వెతికే ముక్కను విడదీసి వేరే ప్రోగ్రాం చేశాడు. ఫైలు ఒక పక్కనుంచి లైను లైనుగా వస్తుంది, కావలసిన లైనే రెండో పక్కనుంచి బయటికి పోతుంది, మిగతాది ఎక్కడా పోగుపడదు. అదే గ్రెప్. ఎడిటర్‌లో పట్టని ఫైలు కోసం యాభయ్యేళ్ల కిందట పుట్టిన పనిముట్టు ఇవాళ మన ప్రతి లైనక్స్ సర్వర్ మీదా ఉంటే, మనం ఇంకా ఎడిటర్ తెరుచుకోలేదని ఏడుస్తున్నాం.

నన్ను నిజంగా మండించేది మాత్రం ఇంకొకటి. మన ఇంటర్వ్యూల్లో పిల్లల చేత బోర్డు మీద బైనరీ సెర్చ్ రాయిస్తాం. ఒక ఇండెక్స్ అటూఇటూ అయితే ఇంటికి పంపిస్తాం. అమీర్‌పేట గోడల మీద డేటా స్ట్రక్చర్లు నేర్పుతామన్న పోస్టర్లకి లెక్క లేదు. అదే పిల్లవాడు ఉద్యోగంలో చేరి, "మధ్యాహ్నం 2:17కి ఏమైందో చూడు" అంటే మొదటి లైను నుంచి పేజ్ డౌన్ నొక్కుకుంటూ పోతాడు. లాగ్ కాలక్రమంలోనే కదా రాసి ఉంటుంది! 40 జీబీ అంటే నాలుగు వేల కోట్ల బైట్లు. మధ్యకి దూకి టైమ్ చూడు. 2:17 దాటిందా, ముందు సగంలోకి రా. దాటలేదా, వెనక సగంలోకి పో. ఇలా 36 సార్లు సగం చేస్తే ఒక్క బైటు మిగులుతుంది. బైటు దాకా ఎందుకు, పదిహేను సార్లకే ఒకటి రెండు ఎంబీలకి దిగిపోతాం. టెయిల్ కమాండ్‌కి మైనస్ సీ ఇచ్చి ఎన్నో బైటు నుంచో చెబితే, అంతకు ముందున్నదంతా చదవకుండా నేరుగా అక్కడికి దూకుతుంది. ఇంటర్వ్యూలో పాసవడానికి పనికొచ్చిన తెలివి సర్వర్ దగ్గర పనికొస్తుందని చెప్పినవాడు లేడు. చెప్పాల్సినవాడు ర్యామ్ అడుగుతున్నాడు.

ఇంకో వేడుక, ఆ ఫైలుని లాప్‌టాప్‌లోకి దింపుకోవడం. వీపీఎన్ మీద 50 ఎంబీపీఎస్ వేగమే వచ్చిందనుకుందాం, 40 జీబీకి దాదాపు గంటా ముప్పావు. ఆ లాగ్ పడి ఉన్న సర్వర్‌లో మామూలు ఎస్ఎస్‌డీ ఉన్నా సెకనుకి 500 ఎంబీ చదువుతుంది. గ్రెప్ నిమిషంన్నరలో ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లొస్తుంది. బిందెడు నీళ్ల కోసం గోదావరిని ఇంటికి మళ్లించుకోవడమంటే ఇదే. దింపక తప్పదంటే జీజిప్ చేసి దింపండి. లాగ్ టెక్స్ట్ పదోవంతుకి తగ్గడం మామూలే, విప్పకుండానే జీగ్రెప్, జీలెస్ చదివేస్తాయి.

లాగ్‌ని ఎక్సెల్‌లో తెరిచేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో వాదన అనవసరం. ఎక్సెల్ షీట్‌లో 10,48,576 వరసలకు మించి పట్టవు, పాత ఫార్మాట్‌లో 65,536కి మించవు. ఆ పాత ఫార్మాట్ నమ్ముకునే 2020 సెప్టెంబరు-అక్టోబరుల్లో ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ 15,841 కోవిడ్ కేసులని లెక్కలోంచి జారవిడిచింది. వైరస్ సోకినవాళ్లతో తిరిగినవాళ్లకి కబురే ఆలస్యంగా వెళ్లింది. తెరుచుకోని ఫైలు కనీసం నిజాయితీగా తెరుచుకోనంటుంది. సగం తెరిచి అంతా తెరిచానన్నట్టు నవ్వే ఫైలుతోనే ప్రమాదం.

"ఇదంతా పాత చాదస్తం, ఏఐకి అప్‌లోడ్ చేస్తే అదే చెబుతుంది" అనే వర్గం ఇప్పుడు బయల్దేరింది. పది లక్షల టోకెన్ల మోడల్ తెచ్చినా ఒక్క విడతలో నాలుగైదు ఎంబీల ఇంగ్లిష్ టెక్స్ట్ పడితే గొప్ప. హెక్సా అంకెలూ ఐడీలూ నిండిన లాగ్ అయితే ఇంకా తక్కువ. 40 జీబీలో కావలసిన ఆ నాలుగు ఎంబీలు ఏవో ముందు ఎవరో ఏరాలి కదా, దేంతో ఏరతారు? పైగా లాగ్‌లో ఏముందో చూడకుండా బయటికి పంపడమేమిటి? లోపలి లాగ్‌లో పాస్‌వర్డ్‌లు ముసుగు లేకుండా పడ్డాయని 2018 మేలో ట్విట్టర్ తన 33 కోట్ల మంది వాడుకదార్లనీ పాస్‌వర్డ్ మార్చుకోమంది. మరుసటి ఏడాది ఫేస్‌బుక్‌దీ అదే కథ. అంతంత వాళ్ల లాగ్‌లలోనే అవి ఉంటే మీ లాగ్‌లో కస్టమర్ల ఫోన్ నంబర్లు లేవని ఏ ధైర్యంతో అంటున్నారు?

అన్నీ ఇండెక్స్ చేసి డాష్‌బోర్డులు కట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయంటారా, ఉన్నాయి. వాటిలో ఒకటైన స్ప్లంక్‌ని సిస్కో 2024లో 2,800 కోట్ల డాలర్లకి కొన్నది ఊరికే కాదు. రోజుకెన్ని జీబీలు పోస్తే అంత బిల్లు. కట్టగలిగినవాళ్లు కట్టుకోండి. బిల్లు చూసి సగం లాగ్‌లు పంపడం మానేశాక, కావలసిన లైను ఆ మానేసిన సగంలోనే ఉంటుంది.

ఇంతకీ 40 జీబీల ఫైలు పుట్టడమే ఒక నేరం. అడిగితే ప్రభుత్వాన్ని చూపిస్తారు. ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, నిజమే. అన్నీ ఒకే ఫైల్లో కుక్కమని అందులో ఎక్కడుంది? ప్రొడక్షన్‌లో డీబగ్ లెవెల్ ఆన్‌లో వదిలెయ్యమని ఏ అధికారి చెప్పాడు? రోజుకో ఫైలుగా తెంపి, పాతవి జీజిప్ చెయ్యమని లాగ్‌రొటేట్‌కి చెప్పడానికి పట్టేది అరడజను లైన్లు. ఎవరు రాయాలన్నదే పేచీ. డెవలపర్లు ఆపరేషన్స్ వాళ్ల పనంటారు, ఆపరేషన్స్ వాళ్లు అప్లికేషన్ మీది కదా అంటారు, మేనేజరు వచ్చే క్వార్టర్‌కి టికెట్ వేస్తాడు.