కామా ఖరీదు

వర్తకునికి వ్యాకరణంతో పనేమిటి, బేరం కుదిరితే చాలదా అనే మాట చాలాకాలంగా వినవస్తున్నదే. ఇంగ్లీషు విషయంలో ఈ మాట మరికొంత గట్టిగా వినబడుతుంది. పరభాష గదా, ఎదుటివానికి భావం అందితే చాలునంటారు. అందినది ఏ భావమన్నదే అసలు ప్రశ్న.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ అనే పాల కంపెనీ డ్రైవర్లు అదనపు గంటలకు హెచ్చు వేతనం కోరుతూ వ్యాజ్యం వేశారు. అటువంటి వేతనం చెల్లించనక్కరలేని పనులను ఆ రాష్ట్ర చట్టం వరుసగా పేర్కొన్నది. ఆహార పదార్థాలను ఆరబెట్టడం, నిల్వచేయడం అంటూ సాగి ఆ వరుస ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని అప్పట్లో ముగిసేది. ‘షిప్‌మెంట్’ తరువాత కామా లేదు. రవాణాకో పంపిణీకో సరుకు కట్టడమనే ఒకే పనియా, లేక కట్టడమొకటి, పంపిణీ మరొకటియా? డ్రైవర్లు చేసేది పంపిణీయే గాని కట్టడం కాదు. వాక్యం సందిగ్ధమని తేల్చి 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల పక్షం వహించింది. మరుసటి ఏట కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది.

ఏ పదం ఏ పదాన్ని కోరుతున్నదో తెలియనిదే అన్వయం కుదరదు. మన శాస్త్రకారులు దీనినే ఆకాంక్ష అన్నారు. పై మాటను తెలుగులో పెట్టి చూడండి. ‘రవాణాకుగాని పంపిణీకిగాని కట్టడం’ అంటే ఒక అర్థం; ‘రవాణాకు కట్టడంగాని పంపిణీ చేయడంగాని’ అంటే వేరొకటి. కామా ఉన్నా లేకున్నా అర్థం చెదరదు. ఇక్కడ విభక్తి ప్రత్యయం చేసే పనిని ఇంగ్లీషులో పదాల వరుసా విరామచిహ్నమూ చేయవలసి వస్తుంది. అంతమాత్రాన తెలుగు వాక్యానికి సందిగ్ధత అంటదని కాదు. ప్రభుత్వ ప్రకటనల అనువాదాలు చదివినవారికి ఆ భ్రమ ఉండదు.

ఉద్యోగార్థులకు ఇంగ్లీషు నేర్పే శిక్షణాలయాలలో మాత్రం దృష్టి వేరొకచోట ఉన్నది. ‘డూ ది నీడ్‌ఫుల్’ అన్నందుకూ ‘ప్రీపోన్’ అన్నందుకూ కుర్రవానిని నవ్వులపాలు చేస్తారు. మొదటిది ఒకప్పుడు ఇంగ్లీషువారి దఫ్తరాలలోనూ చెల్లిన మాటే. రెండవది మన దేశపు వాడుకే అయినా దాని అర్థం విషయంలో ఎవరూ పొరపడరు. ‘తగు చర్య త్వరలో తీసుకొనబడగలదు’ అన్న ధోరణిలోని ఇంగ్లీషు వాక్యానికి మాత్రం నిండు మార్కులు పడతాయి. ఆ చర్య తీసుకొనేదెవరు? ఏ తేదీలోగా? సరుకు కోసం ఎదురుచూసే వర్తకునికి కావలసినవి ఆ రెండే. ఇటువంటి వ్రాతను మాన్పించడానికే బ్రిటిషు ఖజానా శాఖ కోరికపై ఎర్నెస్ట్ గోవర్స్ ఉద్యోగులకోసం 1948లో ‘ప్లెయిన్ వర్డ్స్’ వ్రాశాడు.

ప్రకటనల సంగతి వేరు. 1954లో విన్‌స్టన్ సిగరెట్టు ప్రకటనలో ‘యాజ్’ ఉండవలసిన చోట ‘లైక్’ వచ్చిందని పండితులు మండిపడ్డారు. 1997లో యాపిల్ కంపెనీ ‘థింక్ డిఫరెంట్’ అన్నప్పుడు క్రియావిశేషణమేదని అడిగినవారున్నారు. ఈ తప్పులవల్ల కొనేవాడు మోసపోలేదు. ఒప్పందపత్రానికి ఆ స్వేచ్ఛ లేదు.

తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి ఇంగ్లీషు లేఖ ముందు చిన్నబోవలసిన పనిలేదు. వ్రాసిన వాక్యాన్ని తన భాషలోకి మార్చి చూసుకొంటే, రెండు విధాల అనువాదమయ్యే వాక్యం తానే బయటపడుతుంది. కెనడాలో రోజర్స్, ఎలయెంట్ కంపెనీల మధ్య స్తంభాల వినియోగానికి జరిగిన ఒప్పందంలో ఒక కామావల్ల, మొదటి అయిదేళ్లలోనే ఏడాది నోటీసుతో రద్దు చేయవచ్చునని 2006లో నియంత్రణ సంఘం తీర్పు చెప్పింది. ఆ ఒప్పందపు నమూనాకు ఫ్రెంచి పాఠం కూడా ఉన్నది. దానిలో ఒకే అర్థం వస్తుండటంతో 2007లో సంఘం తన నిర్ణయాన్ని మార్చుకొన్నది.