అమ్మ చందమామలకు మార్కులు వేస్తారట!

కొండాపూర్ నుంచి నల్లగండ్లకి ఇల్లు మారుతున్నాం. సామాను సర్దేటప్పుడే కదండీ ఎవరి మనసులో ఏముందో బయటపడేది! డబ్బాడు పాత వైర్లు, పని చేయని చార్జర్లు, ఎప్పటిదో కీబోర్డు - ఇవన్నీ మా ఆయన దృష్టిలో "ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయి". మా అమ్మ రేకుపెట్టె దగ్గరికొచ్చేసరికి మాత్రం "పాత పేపర్ల అబ్బాయిని పిలవనా?" అన్నారు.

ఆ పెట్టె నిండా చందమామలు. అమ్మ పోయాక తెనాలి దగ్గర మా పుట్టింటి అటక మీంచి దింపి తెచ్చుకున్నాను. కొన్ని విడి సంచికలు. కొన్నేమో సీరియల్ పేజీలు నెలనెలా విడదీసి, దబ్బనంతో కుట్టి, కేలండర్ కాగితం అట్ట వేసిన బైండు పుస్తకాలు. ఆ కుట్టు అమ్మదే.

ఇంతలో మా పెద్దాడు అడ్డం వచ్చాడు. "ఆగండి నాన్నా, వీటికి వేల్యూ ఉంటుంది" అన్నాడు. నా పక్షాన నిలబడ్డాడనుకుని మురిసిపోయాను. ఎంతసేపు? రెండు నిమిషాలు.

అమెరికాలో 2000లో మొదలైన సీజీసీ అనే సంస్థ ఉందట. కామిక్ పుస్తకం పంపిస్తే 0.5 నుంచి 10 దాకా మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు వేసి పంపుతుంది. సీలు పగలగొడితే ఆ మార్కులకు విలువ లేదు. అంటే ఇక చదవడానికి లేదు. 1939 నాటి సూపర్‌మ్యాన్ మొదటి సంచిక ఒకటి, ముగ్గురు అన్నదమ్ములకు చనిపోయిన తల్లి ఇంటి అటక మీద దొరికింది. 9 మార్కులు వచ్చాయి. 2025 నవంబరులో వేలంలో 90 లక్షల డాలర్లు దాటింది. "వాళ్ళమ్మ అటక అది, మీ అమ్మ అటక ఇది" అంటాడు వీడు!

సరే చూడమన్నాను. ఫోన్ లైటు వేసి ఒక్కొక్కటే తిప్పాడు. "బైండు చేసినవి లెక్కలోకి రావమ్మా. దీనికి పిన్ను తుప్పు. ఇక్కడ సెల్లోటేపు మరక. అయ్యో, ఇందులో పెన్నుతో రాసేశారు!"

పెన్నుతో రాసింది ఎక్కడో చూశాను. ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీ. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, రెండు ఫోటోలు ఇచ్చి వాటికి జోడీగా కుదిరే మాటలు కార్డు మీద రాసి పంపమనేవారు. ఒక ఫోటోలో ఉయ్యాల ఊగే పిల్ల, రెండో దాంట్లో నీళ్ళు తోడే ఆవిడ. కింద అమ్మ దస్తూరీ: "నేను ఊగుతా", "నేను లాగుతా". కార్డు పంపినట్టు లేదు. పంపి ఉంటే ఇంట్లో చెప్పుకునేది కదా.

వాడి లెక్కలో అది డ్యామేజీ.

ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. ఆ మార్కుల పద్ధతిలో నూటికి నూరు రావాలంటే పుస్తకం ఎవరూ ముట్టుకోకూడదు. పిల్ల మడిచిన మూల, పప్పు చేత్తో పట్టుకున్న మరక, ఇష్టమైన కథ దగ్గర ఊడిన పేజీ, అన్నీ తప్పులే. మా ఆయనేమో కిలోల్లో తూచారు, కొడుకు పాయింట్లలో తూచాడు. తూకంరాళ్ళు వేరు, త్రాసు ఒకటే. సైబరాబాద్‌లో ఏడాదికోసారి మనుషులకే రేటింగులు ఇచ్చుకుంటారు కాబట్టి వాడిని అని ఏం లాభం లెండి.

నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మద్రాసు నుంచి చందమామ మొదలుపెట్టింది డబ్బాలో దాచుకోవడానికి కాదు. 1952 నుంచి 1980లో పోయేదాకా కుటుంబరావు గారు ఆ కథల భాష దిద్దింది పిల్లలు గట్టిగా చదువుకోవడానికి. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య గార్ల బొమ్మలు కళ్ళతో చూడటానికి.

"పీడీఎఫ్‌లు ఉన్నాయిగా, చదువుకో" అన్నారు మా ఆయన. ఉన్నాయి, చదివాను కూడా. అందులో అమ్మ దస్తూరీ లేదు.

ధర కట్టడమే తప్పనడం లేదు నేను. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత సంచికలకు ధర పలుకుతుంది, కొనేవాళ్ళు చిన్నతనాన్ని ఎక్కడ పారేసుకున్నారో దాన్ని బట్టి. అవసరం వస్తే అమ్ముకోవచ్చు. కానీ ఆ మాట పుస్తకాల సొంతదారు అనాలి. ఇద్దరు మగవాళ్ళు నా ఎదురుగా నిలబడి మా అమ్మ పెట్టెకు వెల కడుతుంటే, "నీకు ఏం చేయాలనుంది?" అని ఒక్కరూ అడగలేదు. మనమూ తక్కువ తినలేదు. అమ్మ వంటపుస్తకాలు, ముగ్గుల నోట్లు సర్దుడు పేరుతో పాతపేపర్లలో వేసినవాళ్ళం మనలో ఎంతమందిమి లేము?

సెల్లోటేపు ఇంక వేయను, అది కాగితాన్ని తినేస్తుంది. తుప్పు పిన్నులు తీసి దారంతో కుట్టాను, అమ్మ కుట్టినట్టే. పెట్టె కొత్తింట్లో హాల్లోనే పెట్టాను, తాళం లేకుండా. నిన్న పక్క ఫ్లాట్ పాప వచ్చి, తెలుగు కూడబలుక్కుంటూ బేతాళ కథ రెండు పేజీలు చదివింది. వెళ్ళేటప్పుడు "ఆంటీ, మళ్ళీ ఇక్కణ్ణుంచే చదువుతా" అంటూ పేజీ మూల మడిచింది.

మా వాడు సోఫాలోంచి లేచి "అమ్మా!" అన్నాడు. ఊరుకోరా అన్నాను.