చనిపోయిన వాళ్ళదే తప్పా?

ఫుట్‌బాల్ గురించి స్త్రీల హక్కుల పత్రికలో సంపాదకీయం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఆ ఆట నియమాలు నాకూ అంతంత మాత్రమే తెలుసు. అయినా ఇంగ్లండులోని లివర్‌పూల్ క్లబ్బు అభిమానుల చరిత్ర చదువుతుంటే మన పనిలో రోజూ ఎదురయ్యే ప్రశ్నే కనిపించింది. ఘోరం జరిగినప్పుడు అధికారంలో ఉన్నవాళ్ళు ముందుగా ఎవరి నడవడిని విచారిస్తారు?

లివర్‌పూల్ రేవు పట్టణం. రేవు కూలీలు, ఐర్లండు నుంచి వలస వచ్చిన కుటుంబాలు పెంచిన ఊరు. 1892లో పుట్టిన ఈ క్లబ్బు వాళ్ళకు వారం వారం వచ్చే పండగ. ఆన్‌ఫీల్డ్ మైదానంలో గోలు వెనక ఉన్న 'కాప్' స్టాండులో 1994 దాకా వేలాదిమంది నిలబడే ఆట చూసేవారు. 1960లలో ఒక సంగీత నాటకంలోని పాటను తమ పాటగా చేసుకున్నారు. ఎవర్నీ ఒంటరిగా వదిలిపెట్టం అనే అర్థం వచ్చే పాట అది. తర్వాత రేవులో పని తగ్గింది, నిరుద్యోగం పెరిగింది. 1981 అల్లర్ల తర్వాత ఆ ఊరి మీద డబ్బు ఖర్చుపెట్టకుండా నెమ్మదిగా క్షీణించనిద్దామని థాచర్ ప్రభుత్వంలోని ఆర్థికమంత్రి సూచించినట్లు 2011లో బయటికొచ్చిన ప్రభుత్వ పత్రాల్లో ఉంది.

ఈ అభిమానుల చరిత్రలో మచ్చ లేకపోలేదు. 1985లో బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో లివర్‌పూల్ అభిమానులు ఎదుటి జట్టువాళ్ళ మీదికి దూసుకుపోయారు. తొక్కిసలాటలో గోడ కూలి 39 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఇటలీ వాళ్ళు. ఆ నేరానికి 14 మందికి శిక్ష పడింది. దాన్ని దాచి మాట్లాడటం న్యాయం కాదు. కానీ ఆ మచ్చే నాలుగేళ్ళ తర్వాత పోలీసుల చేతికి ఆయుధంగా దొరికింది.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో మైదానంలో లివర్‌పూల్ సెమీఫైనల్ ఆడుతోంది. బయట జనం ఎక్కువయ్యారని పోలీసు అధికారి పెద్ద గేటు తెరిపించాడు. లోపల అప్పటికే కిక్కిరిసిన భాగాలకు వెళ్ళే దారిని మాత్రం మూయించలేదు. ముందు ఇనుప కంచె, వెనక నుంచి జనం. కంచెకు నొక్కుకుపోయి ఊపిరాడక చనిపోయినవాళ్ళు 97 మంది. చివరి వ్యక్తి ఆనాటి గాయాలతోనే 2021లో మరణించాడు. అందరిలో చిన్నవాడికి పదేళ్ళు.

ఇంకా శవాలను గుర్తుపట్టడం పూర్తికాకముందే అబద్ధం మొదలైంది. అభిమానులే గేటు బద్దలు కొట్టారని ఆ అధికారి చెప్పాడు. అది అబద్ధమని 2015లో గాని ఒప్పుకోలేదు. బిడ్డ శవాన్ని చూడవచ్చిన వాళ్ళను పోలీసులు, మీవాడు ఎంత తాగాడని అడిగారు. పదేళ్ళ పిల్లవాడితో సహా మృతులందరి రక్తంలో మద్యం కోసం పరీక్ష చేయించారు. నాలుగు రోజులకు 'ది సన్' పత్రిక, తాగిన అభిమానులు మృతుల జేబులు కొట్టారని, పోలీసుల మీద మూత్రం పోశారని, 'నిజం' అనే శీర్షిక పెట్టి మరీ అచ్చువేసింది. ఆ రాత్రి ఎందుకు బయటికెళ్ళావు, ఏ బట్టలు వేసుకున్నావు అన్న ప్రశ్నలు పోలీసు స్టేషన్లలో విన్న మనకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు.

అదే ఏడాది ఆగస్టులో జస్టిస్ టేలర్ నివేదిక, ప్రధాన కారణం పోలీసుల వైఫల్యమేనని చెప్పింది. అయినా 1991లో మరణ విచారణ జరిపిన జ్యూరీ 'ప్రమాదవశాత్తు మరణం' అని తేల్చింది. మధ్యాహ్నం 3.15 తర్వాత జరిగినదాన్ని విచారించనని కరోనర్ ముందే గీత గీశాడు. ఆన్ విలియమ్స్ ఆ గీతను ఒప్పుకోలేదు. నాలుగు గంటల ప్రాంతంలో ఆమె పదిహేనేళ్ళ కొడుకు కెవిన్ కళ్ళు తెరిచి 'అమ్మా' అన్నాడని పక్కనున్న మహిళా కానిస్టేబుల్ చెప్పింది. ఆ మాట మార్చుకోమని తన మీద ఒత్తిడి తెచ్చారనీ చెప్పింది. ఆన్ చట్టం చదివిన మనిషి కాదు. పేపర్లమ్మే దుకాణంలో పనిచేసేది. సాక్షులను తనే వెతికి పట్టుకుంది. అటార్నీ జనరల్ మూడుసార్లు తిరస్కరించాడు. 2009లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు గడువు దాటిందంది. ఇంకో తల్లి మార్గరెట్ ఆస్పినాల్, 18 ఏళ్ళ కొడుకును పోగొట్టుకుని, కుటుంబాల సంఘానికి నాయకత్వం వహించింది. పోలీసుల లాయర్లకు డబ్బిచ్చింది ప్రభుత్వం. తల్లిదండ్రులు మాత్రం చందాలు వేసుకుని లాయరును పెట్టుకున్నారు.

వాళ్ళు ఒంటరి కాకుండా నిలబెట్టింది ఆ స్టాండుల్లోని జనమే. 'ది సన్'ను ఆ ఊళ్ళో ఇప్పటికీ చాలామంది కొనరు, చాలా దుకాణాలు అమ్మవు. 2009 సంస్మరణ సభలో మంత్రి మాట్లాడుతుంటే వేలమంది న్యాయం కావాలని నినదించి ఆపేశారు. ఆ తర్వాతే దస్తావేజులు బయటికొచ్చాయి. 2012లో నాలుగున్నర లక్షల పేజీలు పరిశీలించిన స్వతంత్ర కమిటీ, 164 పోలీసు వాంగ్మూలాలను మార్చారనీ, 41 మంది బతికే అవకాశం ఉండిందనీ చెప్పింది. అదే సెప్టెంబరులో పోటీ క్లబ్బయిన ఎవర్టన్ తన మైదానంలో మృతులకు నివాళులర్పించింది. పాత తీర్పు కొట్టేశారు. కొత్త తీర్పు చూడకుండానే 2013లో ఆన్ చనిపోయింది. 2016 ఏప్రిల్ 26న జ్యూరీ, ఇవి చట్టవిరుద్ధంగా జరిగిన హత్యలని, అభిమానుల తప్పేమీ లేదని తేల్చింది. 27 ఏళ్ళు పట్టింది.

శిక్షల మాటేమిటి? పోలీసు అధికారి 2019లో నిర్దోషిగా బయటపడ్డాడు. వాంగ్మూలాల కేసు 2021లో వీగిపోయింది. మైదానం యజమాని క్లబ్బు కార్యదర్శి ఒక్కడికి 6,500 పౌండ్ల జరిమానా పడింది. అందుకే ఆ కుటుంబాలు, ప్రభుత్వోద్యోగులు విచారణల్లో నిజం చెప్పితీరాలనీ, బాధితులకు ప్రభుత్వ ఖర్చుతో లాయర్లు ఉండాలనీ చట్టం అడిగాయి. ఆ బిల్లు 2025 సెప్టెంబరులో బ్రిటిష్ పార్లమెంటు ముందుకొచ్చింది.

బాధితులు మంచివాళ్ళని రుజువైతేనే న్యాయం దక్కుతుందన్న షరతును మనం ఎక్కడా ఒప్పుకోకూడదు. హేసెల్‌లో తప్పు చేసిన జనం హిల్స్‌బరోలో న్యాయానికి అనర్హులు కారు. తాగినవాడికీ, రాత్రి తిరిగిన ఆడదానికీ బతికే హక్కు ఒకటే. ప్రతి కాగితం దాచుకోవడం, ప్రతి సాక్షినీ వెతకడం, అధికారులు రాసిన కథ కింద సంతకం పెట్టకపోవడం ఆన్ విలియమ్స్ చేసి చూపిన పని. దాన్ని మన సంఘాల్లో ఈ రోజు నుంచే అలవాటు చేసుకుందాం.