టిక్కు పెట్టాక ఏం చేస్తారు?

అల్జీమర్స్‌కు మందు వచ్చేసిందన్న వార్త ఈ నాలుగైదేళ్లలో మూడుసార్లు ప్రపంచాన్ని చుట్టింది. మొదటిది అడుకానుమాబ్. అది పనిచేస్తుందనడానికి తగిన ఆధారం ఉందని సలహా సంఘంలో ఒక్కరూ ఓటెయ్యలేదు. అయినా 2021 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చేసింది. ముగ్గురు సలహాదారులు రాజీనామా చేసి బయటికొచ్చారు. ఏడాదికి 56,000 డాలర్లతో మొదలైన ఆ మందు కొన్నాళ్లకు సగం ధరకు దిగింది, 2024లో తయారీ కంపెనీయే దాన్ని వదిలేసుకుంది. తర్వాత వచ్చిన లెకనెమాబ్, డొనానెమాబ్ అలాంటివి కావు. వాటి వెనక గట్టి ప్రయోగాలున్నాయి, ఫలితం కూడా ఉంది. ఎంత ఫలితం అన్నదగ్గరే పేచీ.

లెకనెమాబ్ ప్రయోగంలో తొలిదశ రోగులు 1,795 మంది పాల్గొన్నారు. జబ్బు తీవ్రతను 18 పాయింట్ల కొలమానంతో చూశారు. ఏడాదిన్నర గడిచేసరికి ఉత్తుత్తి మందు ఎక్కించుకున్నవారి పరిస్థితి 1.66 పాయింట్ల మేర దిగజారితే, అసలు మందు తీసుకున్నవారిది 1.21 మేర దిగజారింది. తేడా 0.45. శాతంలో చెబితే 27. శీర్షికలకెక్కింది ఈ రెండో అంకె. పోయిన జ్ఞాపకం ఒక్కటీ తిరిగి రాదు, జారుడు కాస్త నెమ్మదిస్తుంది, అంతే. అందుకోసం మొదటి ఏడాదిన్నర రెండు వారాలకోసారి సెలైన్‌లా మందు ఎక్కించుకోవాలి. ప్రయోగంలో దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి మెదడులో వాపు కనిపించింది కాబట్టి మధ్యమధ్యలో ఎంఆర్ఐలు తప్పవు. ఎక్కువమందిలో ఆ వాపు దానంతట అదే తగ్గినా, ఈ తరహా మందులతో మరణాలూ నమోదయ్యాయి. అమెరికాలో లెకనెమాబ్ ఏడాది ధర 26,500 డాలర్లు. ఏ మందుకు ప్రజాధనం వెచ్చించవచ్చో తేల్చే ఇంగ్లండ్ సంస్థ నైస్, ఖర్చుకు తగిన మేలు లేదంటూ 2025 జూన్‌లో లెకనెమాబ్, డొనానెమాబ్ రెండింటినీ వద్దంది.

కాబట్టి మా మాట సూటిగా చెబుతున్నాం. తెలంగాణ ఆరోగ్యశ్రీ నుంచి గానీ, ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ వైద్యసేవ నుంచి గానీ ఈ మందులకు ఇప్పుడు ఒక్క రూపాయి ఇవ్వకూడదు. డబ్బున్నవారు కొనుక్కుంటే అది వారిష్టం. అల్జీమర్స్‌ను పట్టించుకోవద్దని మేం అనడం లేదు. ఆ డబ్బు పెట్టవలసిన చోటు వేరే ఉందంటున్నాం.

ఆ చోటు ఏదో ప్రభుత్వం ముద్రించిన కాగితంలోనే ఉంది. బీపీ, షుగర్, క్యాన్సర్ల సర్వే కోసం ఆశా కార్యకర్తలు ఇంటింటికీ పట్టుకెళ్లే పత్రంలో 60 ఏళ్లు దాటినవారిని అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అయినవారి పేర్లు, సొంత ఇంటి చిరునామా మరిచిపోతున్నారా అన్నది వాటిలో ఒకటి. మంచి ప్రశ్న. ఎవరు చేర్చారో గానీ వారికి దండం పెట్టాలి. కానీ ‘అవును’ అన్నచోట ఆశా టిక్కు పెట్టాక ఏమవుతుంది? పీహెచ్‌సీకి పంపమంటారు. అక్కడ రోజుకు వందమందిని చూసే డాక్టరు ఆ పెద్దాయనను కూర్చోబెట్టి పది నిమిషాలు జ్ఞాపకశక్తి పరీక్ష చేయగలరా? చేసినా ఆపైన ఎక్కడికి పంపాలి? ‘వయసు మీద పడింది, చాదస్తం’ అని ఇంట్లోవాళ్లు ఎప్పుడో తీర్పు చెప్పేసి ఉంటారు. ఆసుపత్రి కూడా అదే మాట చెప్పి పంపిస్తే సర్వే ఎందుకు?

ఈ నిర్లక్ష్యానికి మూల్యం పెద్దది. ప్రతి మతిమరుపూ అల్జీమర్స్ కాదు. బి12 లోపం, థైరాయిడ్ మందగింపు, దిగులు జబ్బు, జారిపడినప్పుడు తలలో గడ్డకట్టిన రక్తం, ఇష్టానుసారం వాడే నిద్రమాత్రలు, ఇవన్నీ మతిని మసకబార్చేవే. నయం చేయగలిగినవి కూడా. వీటిలో బి12, థైరాయిడ్ లోపాలను తేల్చే రక్తపరీక్షలు ప్రతి జిల్లా ఆసుపత్రిలో చేయవచ్చు. 2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారం 60 దాటిన భారతీయుల్లో 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి, డిమెన్షియా (అల్జీమర్స్ సహా మతి క్షీణించే జబ్బు) ఉంది. జిల్లాకొక మెమొరీ క్లినిక్, వారానికి ఒకరోజైనా, అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

పరిశోధనలో మనకు నిజంగా పనికొచ్చే ముందడుగు రక్తపరీక్షే. లక్షలు పోసే పెట్ స్కాన్‌నో, వెన్నులోంచి నీరు తీయడాన్నో చాలావరకు తప్పించగల పి-టావ్217 అనే ప్రొటీన్ ఆధారిత పరీక్షకు 2025 మేలో అమెరికా అనుమతి లభించింది. ఒక హెచ్చరిక మాత్రం ఇప్పుడే చెప్పాలి. అది లక్షణాలున్నవారికి, నిపుణుల పర్యవేక్షణలో చేయాల్సిన పరీక్ష. మన నగరాల్లో ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీలు అమ్మేవారు దాన్ని నలభై ఏళ్ల ఐటీ ఉద్యోగికి అంటగట్టకముందే రెండు ప్రభుత్వాలూ అడ్డుకట్ట వేయాలి.

మందుల కంటే పెద్ద కబురు మరొకటి ఉంది. దానికి ప్రచారం చేసే కంపెనీ లేదు కాబట్టి ఎవరికీ పట్టలేదు. బీపీ, షుగర్, వినికిడి లోపం, పొగ, మద్యం, ఒంటరితనం, చదువులేమి, వాయు కాలుష్యం వంటి 14 కారణాలను జీవితాంతం అదుపులో పెట్టగలిగితే దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చునని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది. పట్టించుకోని చూపులోపాన్నీ, చెడు కొలెస్ట్రాల్‌నూ ఆ జాబితాలో కొత్తగా చేర్చింది. చూపు విషయంలో తెలుగు రాష్ట్రాలు వెనకబడి లేవు. ‘కంటి వెలుగు’ పేరుతో ఊరూరా శిబిరాలు పెట్టి కళ్లద్దాలు పంచాం. అదే పని చెవులకు ఎందుకు చేయకూడదు? వినికిడి తగ్గిన వృద్ధులు 977 మందితో అమెరికాలో మూడేళ్లు సాగిన ప్రయోగంలో చెవి మిషన్ అందరికీ ఉపకరించలేదు. ముప్పు ఎక్కువున్న వర్గంలో మాత్రం మేధాశక్తి క్షీణతను 48 శాతం తగ్గించింది. బీపీ, షుగర్ సరిగా అదుపులో లేని మన పెద్దలు ఏ వర్గంలోకి వస్తారో ఊహించడం కష్టం కాదు.

హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనాన్నీ ఇక్కడ తలచుకోవాలి. ఒక్క భాషే వచ్చినవారికంటే రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవారికి జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని అందులో తేలింది, అక్షరం రానివారిలో సైతం. ఆ ఫలితంపై తర్వాత వాదోపవాదాలు జరిగాయి, జరగాలి కూడా. కానీ ఇలాంటి ప్రశ్న అడగడానికి తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన ఈ నగరం కంటే మంచి చోటు దొరకదు. ఆ తరహా పరిశోధనకు మన ప్రభుత్వాలు ఏపాటి నిధులిస్తున్నాయో బయటపెట్టాలి.

ఇక జబ్బు ముదిరినవారి సంగతి. భారమంతా భార్యదో, కోడలిదో, పిల్లలు అమెరికాలో ఉంటే జీతానికి పెట్టుకున్న మనిషిదో. దక్షిణాది ముసలిదైపోతోంది, ఎక్కువమంది పిల్లల్ని కనండి అంటున్న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇప్పటికే ముసలివారైన వారి మెదళ్ల గురించి ఏమంటారు? పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. డిమెన్షియాతో మంచం పట్టినవారి అవసరం అంతకు తక్కువేమీ కాదు. బోదకాలు బాధితులకు, డయాలసిస్ రోగులకు పింఛను ఇచ్చిన తెలంగాణకూ ఇది తెలియని దారి కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను పేర్కొంది. పార్కిన్సన్స్ అందులో ఉంది, అల్జీమర్స్ పేరు లేదు. ఆ జాబితాను మార్చాల్సింది కేంద్ర ప్రభుత్వం. పింఛన్ల జాబితాలో ఒక వరుస చేర్చడానికి మాత్రం ఢిల్లీ దాకా వెళ్లనక్కర్లేదు. అమరావతిలో ఒక జీవో, హైదరాబాద్‌లో ఒక జీవో చాలు. వచ్చే బడ్జెట్ సమావేశాలలోపే అవి రావాలి.