మిరపచేలలో పసిచేతులు

ప్రతియేట సంక్రాంతి వెళ్లినది మొదలు గుంటూరు, ప్రకాశము జిల్లాల మిరపచేలకు కోతకూలీలు తరలివచ్చుచుందురు. వీరిలో అనేకులు కర్నూలు జిల్లా పడమటి భాగమున నున్న ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయము ప్రాంతములవారు. వానపైరు ముగిసిన పిమ్మట ఆ మెట్టసీమలో పని యుండదు. సుగ్గికి పోవుచున్నామని చెప్పి, ఇంటికి తాళము వైచి, పిల్లలతో బయలుదేరుదురు. కోతలు ముగియునప్పటికి బడి సంవత్సరమును ముగియవచ్చును. పిల్లవాని పేరు హాజరుపట్టీలో నుండును. పిల్లవాడు చేనిలో నుండును.

ఇట్టి తల్లిదండ్రులకు విద్య విలువ తెలియదని పట్టణములలో పలువురు తేలికగా సెలవిత్తురు. ఇది మాకు సమ్మతము కాదు. ఇల్లు విడిచి పోవువారు బిడ్డను ఎవరికి అప్పగింపగలరు? కూలి తూకమునుబట్టి యిచ్చుచోట, తల్లి సంచిలో బిడ్డ వేసిన నాలుగు గుప్పిళ్ల కాయయు కూలియే యగును. అప్పు తీర్పవలసిన పేదవానికి ఆ నాలుగు గుప్పిళ్లను వలదనుటకు శక్తి చాలదు.

పేదఱికము బిడ్డను పనికి పంపుచున్నదనుట సగము నిజము. బిడ్డ పనియే పేదఱికమును నిలుపుచున్నదనుట తక్కిన సగము. కుటుంబమంతయు కోయుట అలవాటైనచోట, కుటుంబమంతయు కోసినగాని పొట్ట నిండనంతకు తూకపు రేటు దిగును. చదువు లేక పెరిగిన ఆ బాలుడే రేపు తన బిడ్డను వెంటబెట్టుకొని అదే చేనికి వచ్చును.

ఇది మన జిల్లాల దుఃఖము మాత్రమే కాదు. 2024లో ప్రపంచమున 13.8 కోట్ల పిల్లలు పనిలో నుండిరనియు, వారిలో నూటికి 61 మంది వ్యవసాయరంగములోనివారే యనియు అంతర్జాతీయ కార్మికసంస్థయు యూనిసెఫును లెక్కించినవి.

శాసనములకు కొదువ లేదు. బిడ్డ శ్రమను తాకట్టు పెట్టుటను 1933లోనే నిషేధించిరి. 1986 నాటి చట్టమును 2016లో సవరించి, పదునాలుగేండ్లలోపు వారిని పనిలో పెట్టరాదనిరి. బడివేళలు ముగిసిన పిదపను, సెలవులలోను స్వకుటుంబపు పనికి తోడ్పడుటను అనుమతించిరి. పరుల చేనిలో కూలికి కాయ కోయుట స్వకుటుంబపు పని యెట్లగును?

రైతు కష్టమును మే మెఱుగనివారము కాము. కౌలు, ఎరువులు, మందులు ఒక వంక. గుంటూరు యార్డులో నిలుకడలేని ధర మఱియొక వంక. 2021లో నల్లతామర పురుగు పైరును పాడుచేసిన తీరు మఱపురానిది. అయినను ఆ నష్టమును మోయవలసినది పదేండ్ల బిడ్డ కాదు.

కోత కుదుర్చుకొనునపుడే పిల్లలను చేనిలో దింపరాదని మేస్త్రీతో చెప్పి, పెద్దల కష్టముతోనే కుటుంబము గడచునట్లు రైతులు కూలి నిర్ణయింపవలెను. ప్రభుత్వము వలసగ్రామములలో పిల్లల వసతిగృహములను కోతలకు ముందే తెఱవవలెను. తల్లిదండ్రులవెంట వచ్చినవారిని ఇచటి బడులు చేర్చుకొనవలెను. కూలి పెంపక బడి తెఱచిన, బిడ్డ రాడు. బడి చూపక కూలి పెంచిన, బిడ్డ గట్టున కూర్చుండును. ఈ రెండును ఒక్కమారు జరుగవలెను. ఈ కోతలకే మన రైతుసోదరులు తమవంతు పని ఆరంభింతురని మేము ఆశించుచున్నాము.