కాగితాలు ఆయనవీ, జాడీలు నావీ

హైదరాబాదు నుంచి బెజవాడ వెళ్ళే వాళ్ళకి చిల్లకల్లు అంటే టోల్ గేటు. కారు అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది, అద్దానికి అంటించిన ఫాస్టాగ్ చీటీని యంత్రం చూసుకుంటుంది, అడ్డకర్ర లేస్తుంది, కారు పోతుంది. ఆ పక్కనే ఒక వూరున్నదనీ, అందులో మాలాంటి వాళ్ళు సంసారాలు చేసుకుంటున్నారనీ తలుచుకునే తీరిక ఎవరికుంటుంది? సంక్రాంతి ముందు మాత్రం కార్లు బారులు తీరి నిలబడతాయి గనుక, పిల్లలు కిటికీలోంచి మా వూరి పేరు కూడబలుక్కుని చదువుతారు. ఆ మేరకు పండుగ మాకు మేలే చేస్తుంది.

ఆ పండుగా అయిపోయింది. మాఘం వచ్చింది. కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళ కబుర్లు మొదలైనాయి. వచ్చిన పిల్లలు ఎక్కడివాళ్ళక్కడికి వెళ్ళిపోయారు. మా వీధిలో పదకొండు ఇళ్ళుంటే నాలుగింటికి తాళాలు. పండుగకి వచ్చి తలుపులు తీశారు, బూజులు దులిపారు, ముగ్గులు పెట్టారు, అరిసెలు డబ్బాల్లో సర్దుకుని మళ్ళీ తాళం వేసుకుని వెళ్ళారు. కనుమనాటి రథం ముగ్గు ఆ నాలుగు ఇళ్ళ ముందూ ఇంకా అట్లాగే వుంది. మనుషులు తిరగని వాకిట్లో ముగ్గు చెరగదు కదా!

ఈ వారం ఆ తాళాల సంగతే చెప్పుకుందాం.

ఇంటికి తాళం ఎందుకు పడుతుందండీ అంటే, పిల్లలు దూరాన వున్నారు, పెద్దవాళ్ళకి వయసు మీదపడింది అంటారు. నిజమే. కాని నేను మా వీధిలో చూసింది ఇంకొకటి వుంది. ఇద్దరూ వున్నంతకాలం ఏ ఇంటికీ తాళం పడలేదు. ఒకరు పోయిన తరువాత, మిగిలిన వారికి ఇంటి సంగతులు సగమే తెలియబట్టి పడింది.

మా వీధి చివరి పిన్నిగారి సంగతే చూడండి. పది మందికి వండి వడ్డించిన చెయ్యి. వాళ్ళాయన పోయేనాటికి ఆవిడకి బ్యాంకు గుమ్మం తెలియదు. పెన్షను కాగితంలో ఆవిడ పేరు పుట్టింటి వాళ్ళు పెట్టిన పొడుగాటి పేరు. ఆధార్ కార్డులో అందరూ పిలిచే పొట్టి పేరు. ఆ ఇద్దరూ ఒక్క మనిషేనని నిరూపించుకోవడానికి అయిదు నెలలు పట్టింది. కొడుకు ఎన్నిసార్లని సెలవు పెట్టగలడు? ఆఖరికి అమ్మని వెంటబెట్టుకుని పోయాడు. ఆవిడ ఇప్పుడు పదకొండో అంతస్తులో కూచుని, మామిడిచెట్టు పూత పట్టిందా అని నాకు ఫోను చేస్తుంటుంది.

ఎదురింటి పెద్దాయనది దీనికి తిరగేసిన కథ. ఆఫీసులో యాభై మందికి పని చెప్పిన మనిషి. భార్య పోయిన నెలలోపున మనిషి సగమైపోయాడు. డబ్బుకి లోటు లేదు. పాలు ఎప్పుడు తోడు పెట్టాలో, గ్యాసు ఎవరికి చెప్పాలో, చాకలి పద్దు ఎక్కడ వుంటుందో తెలియదు. హోటలు కారియరు పదిహేను రోజులు తిన్నాడు, కడుపు చెడింది, కూతురు వచ్చి తీసుకుపోయింది. ఆ ఇంటికీ తాళం.

ఇక మా సంగతి. మా వారు లెక్కల మేష్టారు. జిల్లా పరిషత్తు హైస్కూళ్ళలో వూరూరా తిరిగి పనిచేసి, 2012లో 58 ఏళ్ళు నిండి రిటైరయ్యారు. అబ్బాయి హైదరాబాదులో, అమ్మాయి అమెరికాలో డల్లాసులో. ఇంట్లో మేమిద్దరం. కాగితాలు ఆయనవీ, జాడీలు నావీ. ఆయన బీరువా జోలికి నేను పోను, నా అలమర జోలికి ఆయన రారు. నలభై ఏళ్ళుగా ఈ పద్ధతి చక్కగానే నడిచింది.

2024 ఆగస్టు ఆఖరున మా ప్రాంతంలో కురిసిన వాన మీరంతా పేపర్లలో చదివే వుంటారు. సెప్టెంబరు 1వ తేదీన గరికపాడు దగ్గర పాలేటి వంతెన పక్క రోడ్డు కోసుకుపోయింది. అంతకు ముందు ఏడాది, 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి వచ్చింది. ఒకసారి బెజవాడ వైపు, ఒకసారి హైదరాబాదు వైపు. కొడుకు మూడున్నర గంటల దూరంలోనే వున్నాడని మనం ధైర్యంగా వుంటాం. వాగుకి ఆ లెక్క తెలియదు.

రోడ్డు తెగిన మర్నాడు మా వారికి తెల్లవారుజామున ఆయాసం వచ్చింది. పక్కింటి కుర్రాడు ఆటో తెచ్చి పేటలో ఒక ఆస్పత్రికి చేర్చాడు. అక్కడ కౌంటరులో అమ్మాయి, "హెల్తు కార్డు వుందా, అమ్మా? ఏ మందులు వాడుతున్నారు? పాత ఇ.సి.జి. కాగితం వుందా?" అని అడిగింది. వున్నాయి. అన్నీ వున్నాయి. బీరువాలో పదహారు కవర్లున్నాయి, ప్రతి కవరు మీదా ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో నంబరు కూడా వుంది. ఏ నంబరులో ఏముందో ఆ తల కాయకి తప్ప ఎవరికీ తెలియదు, ఆ తలకాయకి ముక్కు మీద ఆక్సిజన్ గొట్టం పెట్టి వుంది.

దేవుడి దయవల్ల రెండు రోజుల్లో ఇంటికి వచ్చాం. వచ్చిన నాలుగో రోజున ఆయన పేట నుంచి రెండువందల పేజీల నోటుబుక్కు ఒకటి తెప్పించారు. "ఏమోయ్, ముందు వైపు నుంచి నేను రాస్తాను. వెనక వైపు నుంచి నువ్వు చెప్పు, అదీ నేనే రాస్తాను" అన్నారు. అదండీ, మా ఇంట్లో మొదలైన బడి.

ముందు పేజీలో హెల్తు కార్డు. ఉద్యోగులకీ పెన్షనర్లకీ 2013 డిసెంబరులో పెట్టిన ఆరోగ్య పథకం ఇది. కార్డులో నా పేరూ వుంది. రెండో పేజీలో మందులు, వేళలు. మూడో పేజీలో పెన్షను. మొత్తం ఇన్నాళ్ళూ నేను తెలుసుకోని లెక్క ఒకటి అక్కడ తెలిసింది. పూర్తి సర్వీసు చేసిన వారికి పెన్షను ఆఖరి జీతంలో నూటికి 50 వంతున కడతారు, పైన కరువు భత్యం. ఆయన తరువాత నాకు వచ్చే కుటుంబ పెన్షను మామూలుగా నూటికి 30. ఇద్దరి ఖర్చు ఒకరి ఖర్చు అయినంత మాత్రాన సగమైపోదు కదా! కరెంటు దీపం ఒకరికైనా ఒకటే, ఇద్దరికైనా ఒకటే. ఆ 30తో ఈ ఇల్లు నడుస్తుందా అని ఆ పేజీలోనే కూడికలు వేసి చూశాం. నడుస్తుంది, వడ్డీ డబ్బు జాగ్రత్తగా వాడుకుంటే.

నా పేరు సంగతీ ఆ పేజీలోనే బయటపడింది. పెన్షను ఉత్తర్వులో ఒక రకం, ఆధార్‌లో ఒక రకం. పిన్నిగారి అయిదు నెలలు కళ్ళ ముందు కదిలాయి. మనిషి వుండగా అయితే ఆయన సంతకంతో ఒక దరఖాస్తు, లేకపోతే ఎన్నో! ఆ వారమే వెళ్ళి పెట్టుకున్నాం. ఇంకా ఒక తమాషా చెప్పనా? కాగితాలన్నిటిలోనూ మాది కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి మాది ఎన్.టి.ఆర్. జిల్లా. మేము గుమ్మం దిగకుండానే జిల్లా మారాం.

నాలుగో పేజీ దగ్గర కాస్త పేచీ వచ్చింది. మరణాన్ని 21 రోజుల్లోగా పంచాయతీలో నమోదు చేయించి సర్టిఫికెట్టు తీసుకోవాలి అని రాయబోయారు. "శుక్రవారం పూట ఆ మాటలేమిటండీ!" అన్నాను.

"ఇది 1969లో చేసిన చట్టమోయ్. ప్రత్యేకం నా కోసం చేసింది కాదు" అన్నారు. శనివారం రాశారు.

బ్యాంకు పేజీ అయిదోది. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. మా వారు అమ్మాయి పేరూ అబ్బాయి పేరూ నా తరువాత చేర్పించారు. నామినీ అంటే బ్యాంకు దగ్గర డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే, సొంతదారు ఎవరన్నది వారసత్వాన్ని బట్టి వుంటుందని కూడా నాకు పాఠం చెప్పారు. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో "నేను బ్రతికే వున్నాను" అని పెన్షనర్లు ఇచ్చే సర్టిఫికెట్టు గురించి ఒక పేజీ. వేలిముద్రతో ఇవ్వవచ్చు. నా వేళ్ళ గీతలు అంట్లు తోమి తోమి అరిగిపోయినట్టున్నాయి, బ్యాంకులో యంత్రం మూడుసార్లు కాదు పొమ్మంది. ఫోనులో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి 2021లోనే వచ్చిందట. ముఖమైతే ఇంకా వుంది గనుక బెంగ లేదు. మొన్న ఆయన సర్టిఫికెట్టు నా చేతే చేయించారు. ఆయన్ని కిటికీ వెలుతురులో కూచోబెట్టి, "కళ్ళార్పండి" అని నేను చెప్పడం, ఆయన ఆర్పడం! నలభై ఏళ్ళలో చెప్పిన మాట అంత చప్పున విన్నది అదే మొదటిసారి.

ఇక వెనక వైపు పేజీలు. మొదటి పాఠం అన్నం.

"గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు. కొత్తబియ్యమైతే తగ్గించాలి."

"తగ్గించాలంటే ఎంత?"

"చూస్తే తెలుస్తుందండీ."

"చూస్తే తెలిసేదాన్ని లెక్క అనరు."

మూడు రోజులు మూడు రకాల అన్నం తిన్నాం. ఒకనాడు జావ, ఒకనాడు పలుకు. నాలుగోనాడు ఆయన పుస్తకంలో రాసుకున్నారు: కొత్తవి, ఒకటిముప్పావు. ఏడాది పాతవి, రెండుంబావు. తరువాత కందిపప్పు, చారు, పాలు తోడు పెట్టడం. చారులో ఇంగువ ఎంత అంటే "చిటికెడు" అన్నాను. ఎవరి చిటికెడు అన్నారు. అందుకూ నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు వారానికి రెండు పూటలు వంట ఆయనది. నేను వరండాలో పేపరు చదువుతాను. పోపు మాడిన వాసన వచ్చినా లేవను. అదే ఈ చదువులో నాకు కష్టమైన పాఠం.

వంట ఒక్కటే కాదండీ. పాల అబ్బాయికి ఏ తారీకున ఇవ్వాలి, మినప్పప్పు ఎండబెట్టేది ఎప్పుడు, ఏ బంధువుల ఇంటికి పిలుపు ముందు వెళ్ళాలి, మనవరాలికి ఏది పడదు, కోడలి తల్లిగారికి ఎవరి పెళ్ళిలో మాటపట్టింపు వచ్చింది — ఇవన్నీ చెబుతుంటే ఆయన కలం ఆపి, "ఇదంతా నువ్వు ఎక్కడ రాసి పెట్టుకున్నావు?" అన్నారు. ఎక్కడా రాయలేదు. పదహారు కవర్లకి నంబర్లున్నాయి గాని, నా జాడీలకి ఏనాడూ చీటీ లేదు.

పండుగకి వచ్చిన అబ్బాయి ఈ పుస్తకం తిరగేశాడు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇదంతా ఎందుకమ్మా? ఇల్లు అమ్మేసి నా దగ్గరికి వచ్చేయండి" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నేనూ ప్రేమతోనే చెప్పాను: "ఇద్దరిలో ఎవరం మిగిలినా ఈ ఇంట్లో వుండగలమా లేదా తేల్చుకోనీ నాయనా. ఇష్టమై రావడం వేరు, చేతకాక రావడం వేరు."

ఆదివారం పొద్దున అమ్మాయి ఫోను. వాళ్ళకి అది శనివారం రాత్రి. ఇల్లు ఆయన పేరున వుంది. వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, కొడుక్కీ, కూతురికీ సమానంగా వస్తుంది. "నాకెందుకు నాన్నా, అమ్మ వున్నన్నాళ్ళూ అమ్మదే అని రాయండి, తరువాత సంగతి తరువాత" అంది. మంచిమాట. మంచిమాట ఫోనులో వుంటే చాలదు, కాగితం మీద వుండాలి. వీలునామాకి స్టాంపు కాగితం అక్కరలేదు. ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు గాని, చేయిస్తే మంచిది. ఈ నెలాఖరుకి ఆ పనీ పూర్తిచేస్తామన్నారు.

ఈ పుస్తకం అపశకునమని పక్క వీధి వదినగారు అన్నారు. ఆవిడ ఇష్టం. మాకు మాత్రం ఇది రాయడం మొదలుపెట్టిన తరువాత మాట్లాడుకోవడానికి సంగతులు దొరికాయి. రిటైరయిన మొగుడూ పెళ్ళాం భోజనాల దగ్గర "కాస్త మజ్జిగ" తప్ప మరో మాట లేకుండా ఎన్ని పూటలు గడుపుతారో మీకు తెలియనిదా!

మీ ఇంట్లోనూ ఒక నోటుబుక్కు పెట్టి చూడండి. ముందు వైపు ఎవరిది, వెనక వైపు ఎవరిది అన్నది మీ ఇంటి వాటం. మా దాంట్లో మధ్య పేజీలు ఇంకా చాలా ఖాళీగా వున్నాయి. ఆవకాయ ఇంకా చెప్పలేదు. ఎంత అడిగినా చెప్పను. కాయ చేతికి రావాలి, ముక్క కొట్టి టెంక నిలుస్తుందో లేదో చూపించాలి, ఈ కళ్ళాల మీది మిరపకాయ కారమై ఇంటికి రావాలి. అంచేత ఆ పాఠం వేసవి దాకా వాయిదా. లెక్కల మేష్టారు కొలగిన్నె మాత్రం ఇప్పుడే కడిగి బోర్లించి పెట్టుకున్నారు.